చిన్న తొట్టిలో సముద్రం, పైన ఎండలు



ఎండలు ముదురుతున్నాయి. ఇంట్లో చిన్న ఉప్పునీటి అక్వేరియం ఉన్నవాళ్లకు ఇవి గడ్డు రోజులు. ఈసారి ఉత్తరం వాళ్ల కోసమే.

శుభ్రం చేయాలనగానే అందరి చెయ్యీ అద్దం మీదికే పోతుంది. ముందు చూడాల్సింది నీటి మట్టం. 60 లీటర్ల ట్యాంకు అనుకోండి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంటే ఆ ట్యాంకులో 2 కిలోలకు పైనే. 6 లీటర్లు ఆవిరైతే పోయేది నీళ్లే, ఉప్పంతా మిగిలిన 54 లీటర్లలోనే ఉండిపోతుంది. 35 ఉన్నది దాదాపు 39కి చేరుతుంది. చేపలు కొంత ఓర్చుకున్నా, రొయ్యలూ నత్తలూ ఆ మార్పును తట్టుకోలేవు. 300 లీటర్ల ట్యాంకులో అదే 6 లీటర్లు తగ్గితే పెద్దగా తేడా పడదు. చిన్న ట్యాంకు సులువన్న మాట నేను ఒప్పుకోనిది ఇందుకే.

కాబట్టి అద్దం మీద మార్కరుతో ఒక గీత గీయండి. రోజూ ఆ గీత దాకా మంచినీళ్లు పోయండి. సముద్రపు చేపలు కదా అని ఉప్పు కలిపిన నీళ్లు పోసేవాళ్లున్నారు, అలా పోస్తే ఉప్పు ఇంకా పెరుగుతుంది. బోరు నీళ్లు, మున్సిపాలిటీ నీళ్లు వద్దు. ఆర్ఓ నీళ్లే కావాలి. వంటింటి ఆర్ఓల్లో చాలావాటిలో తాగడానికి వీలుగా ఖనిజాలు మళ్లీ కలుస్తాయి, టీడీఎస్ మీటరు పెట్టి చూసుకోండి. అంకె సున్నాకు ఎంత దగ్గరైతే అంత మేలు.

నీళ్లు వేడెక్కితే ట్యాంకు పైమట్టం మీదుగా చిన్న ఫ్యాను తిప్పండి, రెండు డిగ్రీలు తగ్గొచ్చు. గాలి పొడిగా ఉండే హైదరాబాదులో ఇది బాగా పనిచేస్తుంది, ఉక్కపోసే విశాఖలో అంతగా కాదు. ఫ్యాను పెట్టాక ఆవిరీ పెరుగుతుంది, గీతను మరింత జాగ్రత్తగా చూడండి. కరెంటు పోయినప్పుడు వాడేందుకు బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, చేపలు ఎక్కువసేపు ఆగలేవు.

వారానికోసారి పదో వంతు నీళ్లు మార్చండి. కొత్త నీళ్లలో వంట ఉప్పు కాదు, అక్వేరియం కోసం అమ్మే సముద్రపు ఉప్పే వేయాలి. ముందురోజే కలిపి, పంపుతో తిప్పుతూ ఉంచి, రిఫ్రాక్టోమీటరుతో ఉప్పు కొలిచి పోయండి. నీళ్లు తోడేముందు అద్దానికి పట్టిన నాచు గీకి, ఇసుకలో చెత్తను సైఫన్ పైపుతో లాగేయండి. అయస్కాంతం బ్రష్షులో ఇసుక రేణువు ఇరుక్కుంటే అద్దం మీద గీత శాశ్వతం. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగొద్దు, మేలు చేసే బ్యాక్టీరియా క్లోరిన్ వల్ల చచ్చిపోతుంది. తోడేసిన ట్యాంకు నీళ్లలోనే పిండండి. సబ్బు జోలికి అసలు పోవద్దు. రాళ్ల మీద ఊదారంగు పొర కనిపిస్తే గీకకండి, అది మంచి నాచు.

కొత్త ప్రాణుల్ని కొనబోయేవాళ్లకు ఒక విన్నపం. మన సముద్రంలోంచి తీసిన రాతి పగడాలు, సముద్రపు గుర్రాలు ఎవరు అమ్మజూపినా కొనకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి రక్షణ ఇస్తోంది. క్లౌన్ ఫిష్‌ను హేచరీలో పుట్టించి పెంచే పద్ధతి మన దేశంలోనే ఉంది. హేచరీ పిల్లలే కావాలని దుకాణంలో గట్టిగా అడగండి.

మీ
అక్వేరియం మిత్రుడు