కళ్లం గట్టున యాంటెన్నా

గుంటూరులో బయల్దేరే ముందు పెద్దాయన మమ్మల్ని డాబా మీదికి తీసుకెళ్లి తన బాధ చూపించారు. టెలికం శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఇంటిచుట్టూ కోల్డ్ స్టోరేజీలే. ల్యాప్‌టాప్‌కి చిన్న డాంగిల్ తగిలించి 7 మెగాహెర్ట్జ్ దగ్గర వాటర్‌ఫాల్, అంటే సిగ్నళ్లు రంగుల గీతలుగా జారే తెర, తెరిచారు. నీలంగా ఉండాల్సిన తెర, మిరపకాయ పరిచిన కళ్లంలా పైనుంచి కిందిదాకా ఎరుపే. మోటార్లు, ఇన్వర్టర్లు, ఎల్ఈడీ బల్బులు కలిసి చేసే రొద అది.

"పాత రేడియోలో ఇదంతా వట్టి బరబర అనుకునేవాణ్ని. ఇప్పుడు ఏ గీత ఎవరింటి నుంచి వస్తోందో కూడా తెలుస్తోంది. తెలిసి ఏం చేస్తాం, పోయి పోట్లాడతామా?" అన్నారు.

అందుకే పొలాల్లోకి ప్రయాణం. కారులో ఆయన, ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ పాఠాలు చెప్పే కుర్రాడు, నేను. ఫిబ్రవరి ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. మిర్చి టిక్కీల లారీలు యార్డు వైపు వస్తుంటే మేం ఎదురుగా నరసరావుపేట దారి పట్టాం. అద్దాలు ఎత్తుకున్నా తుమ్ములు తప్పలేదు.

పాత రేడియోలో స్టేషన్‌ని వడకట్టడానికి, దాన్ని మాటగా మార్చడానికి కాయిళ్లు, కెపాసిటర్లు కావాలి. సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియోలో తరంగాన్ని చాలావరకు దొరికినట్టే అంకెలుగా మార్చి కంప్యూటర్‌కి ఇచ్చేస్తారు. మిగతా చాకిరీ ప్రోగ్రాముది. టీవీ చూడ్డానికి అమ్మే రియల్‌టెక్ చిప్ డాంగిల్ ఆ ముడి అంకెల్ని బయటికి ఇవ్వగలదని 2012 ప్రాంతంలో అందరికీ తెలిసిపోయింది. అప్పటిదాకా పెద్ద ల్యాబులకే చెల్లే సరదా కాస్తా రెండు మూడు వేల రూపాయలకు దిగొచ్చింది.

ఈ సరదా పట్టుకున్న మాకు బోర్డు లేదు, ఆఫీసు లేదు. పెద్దదిక్కు హైదరాబాదే. 1983లో ఎస్. సూరి పెట్టిన జాతీయ అమెచ్యూర్ రేడియో, అంటే హామ్ రేడియో, సంస్థ అక్కడే ఉంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో హామ్ రేడియోతో సమాచారం అందించిన భారతీ ప్రసాద్ ఆ సంస్థ మనిషే. ఇక బంజారాహిల్స్‌లోని లామకాన్‌లో కూడే రేడియో క్లబ్బు ఉంది. చేత్తో అతుక్కునే బిట్‌ఎక్స్ రేడియోని ప్రపంచానికిచ్చిన అష్హర్ ఫర్హాన్ ఆ గుంపులోవారే. లోపల రాస్ప్‌బెర్రీ పై పెట్టి ఆయన తయారుచేసిన ఎస్‌బిట్‌ఎక్స్ అచ్చంగా మన దగ్గర పుట్టిన సాఫ్ట్‌వేర్ రేడియో. విదేశీ పెట్టెల గురించి గంటలకొద్దీ మాట్లాడేవాళ్లు దీన్ని మరిచిపోతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

కోటప్పకొండ కనిపించే చోట రోడ్డు దిగి ఒక మిరప కళ్లం పక్కన ఆగాం. కుర్రాడు రెండు అల్యూమినియం కడ్డీలు తీశాడు, ఒక్కోటి 53 సెంటీమీటర్లు. మధ్యలో 120 డిగ్రీల కోణం వదిలి, వెదురుకర్రకు అడ్డంగా బిగించి గట్టున పాతాడు. 137 మెగాహెర్ట్జ్‌కి అంతకుమించిన హంగు అక్కర్లేదు. 2025 ఆగస్టుకి ముందు ఈ పని చేసుంటే అమెరికా నోవా వాతావరణ ఉపగ్రహాలు దొరికేవి. ఆ ఏడు మిగిలిన మూడింటినీ ఆపేశారు. ఇప్పుడు రష్యా మెటియోర్లే దిక్కు.

కళ్లంలో కాయ తిరగేస్తున్న రైతు తువ్వాలు దులుపుకుంటూ వచ్చాడు.

"ఏం సార్, సర్వేనా? రోడ్డులో మా పొలం పోద్దా?"

కాదని చెప్పేసరికి పెద్దాయనకు తలప్రాణం తోకకొచ్చింది. ఆకాశం నుంచి మబ్బుల ఫొటో పట్టుకుంటున్నామంటే మాత్రం వెంటనే నమ్మాడు.

"అయితే వానేమన్నా వచ్చిద్దా చూసి చెప్పండి. కాయంతా బయటే ఉంది."

అది ఊరికే అడిగిన మాట కాదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఈ నేల మీద పైర్లు ఏమయ్యాయో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

మెటియోర్ ఉత్తరాన లేచింది. వాటర్‌ఫాల్‌లో మసకగా ఒక పట్టీ తేలి, చిక్కబడింది. చుట్టూ చదును నేల, చెట్టూ పుట్టా అడ్డం లేవు. సిగ్నల్ పొలం అంచునుంచే అందింది. తెర మీద ఒక్కో వరుసా దిగుతూ హిమాలయాలు, ఒడిశా తీరం, చివరికి కృష్ణా ముఖద్వారం వచ్చాయి. సముద్రం మీద మబ్బు తునకలు తప్ప ఏమీ లేవు. పెద్దాయన ఎదురుగా కనపడిన మాట మాత్రం చెప్పారు, రేపటి సంగతికి పూచీ పడలేదు.

"మా పొలం యాడుంది ఇందులో?"

"ఒక్కో చుక్కలో కిలోమీటరు నేలండీ."

"అంటే మా ఊరంతా కలిపి రెండు చుక్కలా!" అని పెద్దగా నవ్వాడు.

తర్వాత అసలు పని, 7 మెగాహెర్ట్జ్. బోదెల మీదుగా వైరు లాగి తెరిస్తే, ఎంత శుభ్రంగా ఉందో! హామ్‌ల మాటలు ఒక్కొక్కటీ విడివిడిగా గీతల్లా నిలబడ్డాయి. పెద్దాయన హెడ్‌ఫోన్లు తీయనే లేదు. ఇంతలో త్రీ ఫేజ్ కరెంటు వచ్చింది. ఆటో స్టార్టర్లు టక్కుటక్కుమన్నాయి, బోర్లు పోశాయి. తెర మీద దువ్వెన పళ్లలా గీతలు లేచి మాటలన్నింటినీ మింగేశాయి. రైతు ముఖం వెలిగింది, మా పెద్దాయన ముఖం వాడింది.

చిలకలూరిపేట దగ్గర జాతీయ రహదారి ఎక్కాం. మార్టూరు దాటాక, మేదరమెట్ల రాకముందే, కొరిశపాడు దగ్గర రోడ్డు ఒక్కసారిగా వెడల్పవుతుంది. అత్యవసరంగా విమానాలు దిగడానికి కట్టిన 4.1 కిలోమీటర్ల రన్‌వే అది. ఆ సరదాకి కుర్రాడు డాంగిల్‌ని 1090 మెగాహెర్ట్జ్‌కి మార్చి, బెత్తెడు కూడా లేని తీగను కారు పైకప్పు మీద నిలబెట్టాడు. విమానాలు తమ నంబరు, ఎత్తు, ఉన్న చోటు చెప్పుకుంటూ పోయే గొంతు అది. 36 వేల అడుగుల మీద ఎగిరేది అడ్డులేని చదును నేలకు 400 కిలోమీటర్ల దూరం నుంచి కూడా అందాలి. అటు మద్రాసు మీదివీ ఇటు హైదరాబాదు మీదివీ ఒకే తెర మీద పాకుతున్నాయి.

ఒంగోలు చేరేసరికి చీకటి పడింది. మిత్రుడి డాబా మీద పాత డీటీహెచ్ డిష్ ఉంది. పక్కిళ్లవన్నీ దాదాపు నడినెత్తికి చూస్తుంటే ఇది మాత్రం పడమటికి, కాస్త దక్షిణంగా, 26 డిగ్రీల ఎత్తులో వాలి ఉంది. 2018లో ఎగిరిన ఖతార్ ఉపగ్రహం ఆ దిక్కున ఉంది. అందులో హామ్‌ల కోసం ఒక ట్రాన్స్‌పాండర్ పెట్టారు, క్యూవో-100 అంటారు. మనం వినొచ్చు, మాట్లాడాలంటే పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవాలి. ఐరోపా నుంచి ఎవరో, ఆఫ్రికా నుంచి ఎవరో గొంతు సవరించుకుంటున్నారు. పగటి వేడికి ఎల్‌ఎన్‌బీ ఫ్రీక్వెన్సీ జారిపోతోందని మిత్రుడి గోల. ప్రోగ్రాములోనే సరిచేయొచ్చని కుర్రాడి వాదన. భోజనాలు చల్లారాయి.

పెద్దాయన మాత్రం ఒక మూలకు వెళ్లి మధ్యాహ్నం నంబరు తీసుకున్న రైతుకి ఫోన్ కలిపారు.

"వచ్చే వారం మీకు త్రీ ఫేజ్ ఏ టైములో ఇస్తారండీ?... అదే, పోయే టైము చెప్పండి, వచ్చే టైము కాదు."