జంపఖానాల బేరము – ఫ్రెంచి పాఠము

మాది వరంగల్లు కొత్తవాడ. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన జంపఖానాలే మా యింటికి జీవనాధారము. మధ్యవర్తి లేకుండ పరదేశపు వర్తకునితో ధర మేమే మాటలాడుకొనవలయునని నేను విశ్వవిద్యాలయమున ఫ్రెంచి ప్రారంభ తరగతిలో చేరితిని. ఈ వయస్సున నీకేలయని నవ్వినవారు లేకపోలేదు.

మొదటి పాఠముననే ధైర్యము కలిగెను. ఆంగ్లమున అందఱికిని ‘యూ’ యొక్కటియే. ఫ్రెంచిలో చనువున్నచోట ‘త్యు’, గౌరవమునకు ‘వూ’. మన నీవు, మీరు గాక మఱేమి? వర్తకపు టుత్తరమున ‘వూ’ తప్పరాదు. చివరి మర్యాదవాక్యమో, మన పెద్దల ‘చిత్తగింపవలయును’ కంటె పొడవు!

చిక్కంతయు లెక్కలలోనే యున్నది. డెబ్బదిని ‘అరువది పది’ యనియు, ఎనుబదిని ‘నాలుగిరువదు’లనియు, తొంబదిని ‘నాలుగిరువదుల పది’ యనియు చెప్పుదురు. ‘కాత్ర్ వేఁ’ యని వినగానే నాలుగు, ఇరువది యని విడివిడిగా వ్రాసికొన్నచో బేరమేమగును? అందుచే ప్రతిరాత్రియు మగ్గము కడ అత్తగారు తెలుగున ధరలు చెప్పగా నేను ఫ్రెంచిలో పలుకుచుంటిని. ఇప్పుడు తొంబదికి నాకన్న ముందు వారే పలుకుచున్నారు. వచ్చు వారము మా మొదటి యుత్తరము పోవును. ధర మాత్రము అక్షరములతోబాటు అంకెలలోను వ్రాసితిమి.