రేడియోలో వేరుకాపురం

స్ప్లిట్ అనగానే మా ఇంట్లో ఏసీ గుర్తొస్తుంది. "బావగారి రేడియోకి స్ప్లిట్ సంగతేదో చూసొస్తాను" అని నేను సంచీ సర్దుకుంటూంటే, "ముందు మన హాల్లో పెట్టించండి, రేడియో సంగతి తర్వాత" అంది మా ఆవిడ. హామ్ రేడియో వాళ్ల స్ప్లిట్‌కి చల్లదనంతో సంబంధం లేదు. అది వేరుకాపురం. వినడం ఒక ఫ్రీక్వెన్సీ మీద, పంపడం ఇంకోదాని మీద.

ఎక్కడో మారుమూల దీవిలో ఒక హామ్ స్టేషను గొంతెత్తిందనుకోండి, ప్రపంచంలోని హాములందరూ ఒక్కసారి దానిమీద పడతారు. ఆ గోలలో అసలు మనిషి మాట ఎవరికీ వినపడదు. అంచేత ఆయన, "నేనిక్కడ మాట్లాడతాను, మీరు అయిదు కిలోహెర్ట్జులు పైన పిలవండి" అంటాడు. పంక్తిలో వడ్డించేవాడికి దారి వదలడం లాంటిదే. పెద్దమనిషి తరహా.

ఇప్పుడు గొంతులు పోయి కంప్యూటర్లొచ్చాయి. ఎఫ్‌టీ8 అని ఒక పద్ధతి ఉంది. జో టేలర్, స్టీవ్ ఫ్రాంకీ కలిసి 2017లో బయటపెట్టారు. ఈ టేలర్ గారు 1993లో ఫిజిక్సులో నోబెల్ బహుమతి పంచుకున్నాయన. మనమైతే ఆ పైన వాలుకుర్చీ కొనుక్కునేవాళ్లం. ఇందులో 15 సెకన్లకొక వంతు. కంప్యూటరు 12.64 సెకన్లు సన్నగా కూస్తుంది, తర్వాతి వంతు నోరుమూసుకుని వింటుంది. ఒక్కో కూతకి 50 హెర్ట్జుల జాగా చాలు. అంచేత ఒకే తెరమీద డజన్లకొద్దీ స్టేషన్లు చారలు చారలుగా కారుతూ కనిపిస్తాయి. చెవులక్కర్లేదు, కళ్లుంటే చాలు.

మా బావగారికి కావలసింది అదే. కాకినాడలో కూర్చుని నలభై ఏళ్లు మోర్సు కొట్టిన చెయ్యి ఆయనది. చెవులు మొరాయించాక సెట్టుమీద దుప్పటి కప్పేసి, ఎవరితోనూ మాట్లాడడం మానేశారు. మేనల్లుడు సెలవులకొచ్చి కంప్యూటరు తగిలించి, ఎఫ్‌టీ8 పెట్టి వెళ్లాడు. మనిషి మళ్లీ లేచి కూర్చున్నారు. ఇంతలో నాకు ఫోన్లో మెసేజీ: "సెట్టు చెడింది. అమ్మేస్తున్నాను. రాకు."

రావద్దన్నారంటే రమ్మన్నట్టే గనక వెళ్లాను. "ఏమోయ్, అరవకు, రాయి" అని కాగితాల కట్ట, పెన్సిలు నా ముందు పడేశారు. ఆయన నోటితో పంపుతారు, కాగితం మీద అందుకుంటారు. ఇదీ ఒక రకం స్ప్లిట్టే.

సెట్టు జబ్బేమిటంటే, పంపడం మొదలవగానే డయలు 14.074 మెగాహెర్ట్జుల నుంచి 14.073కి దూకుతోంది. పంపడం అయిపోగానే బుద్ధిమంతుడిలా తిరిగొస్తోంది. ఊళ్లో ఒక రిపేరతను చూసి, బోర్డు పోయింది, బాగుచేయించడం దండగ అనేశాట్ట.

బోర్డు పోలేదు. మేనల్లుడు స్ప్లిట్ పెట్టి, ఆ ముక్క చెప్పకుండా బెంగుళూరు వెళ్లిపోయాడంతే. నేను రాసిచ్చింది ఇది: "మీ కూత తెరమీద 600 హెర్ట్జుల దగ్గరుంది. కంప్యూటరు శబ్దం కాస్త ఎక్కువైతే దాని పిల్లలు 1200, 1800, 2400 దగ్గర పుడతాయి. మీరొక్కరే నాలుగుచోట్ల కనబడతారు. సెట్టులో సుమారు 3000 దగ్గర ఒక జల్లెడుంది, దాని లోపలివన్నీ బయటికి పోతాయి. అందుకని కంప్యూటరు డయలుని 1000 హెర్ట్జులు దించి, కూతని 1600కి పెంచుతుంది. గాలిలోకి వెళ్లే ఫ్రీక్వెన్సీ మారదు. పిల్ల మాత్రం 3200 దగ్గర పుట్టి జల్లెడకి తగులుకుంటుంది." (శబ్దం మరీ ఎక్కువైతే ఏ స్ప్లిట్టూ కాపాడదనుకోండి. అదీ కింద రాశాను.)

ఆయన కళ్లజోడు సవరించుకుని లెక్క రెండుసార్లు కూడుకున్నారు. తర్వాత సెట్టింగు చూసి మొహం ఎర్రబడింది. అక్కడ 'ఫేక్ ఇట్' అని ఉంది.

"నలభై ఏళ్లు లైసెన్సున్నవాణ్ణి, ఈ వయసులో ఫేకు పనులు చెయ్యమంటావా?"

"ఫేకంటే మోసం కాదు బావగారూ! ఒక్క డయలుతోనే రెండున్నట్టు నటించడం" అని రాశాను. ఒప్పుకోలేదు. ఆయన సెట్టులో నిజంగానే రెండు వీఎఫ్‌వోలున్నాయి గనక 'రిగ్' అన్నచోటికి మార్చాను. అప్పటికిగాని శాంతించలేదు.

ఇంకో ముక్క మాత్రం నేను చెప్పక్కర్లేకపోయింది. తెరమీద ఆకుపచ్చ గుర్తు వినే చోటు, ఎర్రది పంపే చోటు. చాలామంది అవతలివాడి నెత్తిమీదే ఎర్రగుర్తు పెట్టి పిలుస్తారు. అవతలి కంప్యూటరు చారలన్నిటినీ ఒకేసారి చదువుతుంది గనక ఆ తోపులాట అనవసరం, నన్నడిగితే అమర్యాద కూడా. బావగారు పచ్చదాన్ని ఇటలీ స్టేషను మీద ఉంచి, ఎర్రదాన్ని ఖాళీ జాగా వెతికి దూరంగా పెట్టారు. మోర్సు రోజుల అలవాటు.

మూడు వంతులు పిలిచారు. నాలుగోసారి ఆయన పేరుగుర్తు తెరమీద ఎర్రగా వచ్చింది, పక్కనే మైనస్ 14. ఆయన నోట మాటలేదు, బల్లమీద వేలితో ఏదో మోర్సు కొడుతున్నారు. మా అక్కయ్య భోజనానికని రెండుసార్లు కేకేసి, లాభంలేక నా చేతిలో పెన్సిలు లాక్కుని, "పులుసు చల్లారిపోతోంది" అని రాసి ఆయన కళ్లముందు పెట్టింది.

"పదిహేను సెకన్లాగు" అన్నారు.