మళ్ళీ తీసుకునే కోర్సుకు ఫెడరల్ సాయం

అమెరికా కాలేజీల్లో ఒకసారి చదివిన కోర్సును మళ్ళీ తీసుకుంటే ఫెడరల్ ఆర్థిక సాయం అందుతుందా లేదా అన్నది అంతకుముందు వచ్చిన గ్రేడును బట్టి ఉంటుంది. ఫెయిలైన కోర్సును పాసయ్యేదాకా ఎన్నిసార్లు తీసుకున్నా సాయం లెక్కలోకి వస్తుంది. పాసైన కోర్సుకు మాత్రం ఇంకొక్కసారే. ఆ తరవాత దానికి తిరిగి కట్టక్కర్లేని పెల్ గ్రాంటూ రాదు, ఫెడరల్ రుణమూ రాదు. 2011 జూలై నుంచి ఇదే పద్ధతి. మధ్యలో మానేసి డబ్ల్యూ పడిన కోర్సు పాసైనవాటిలోకి రాదు.

చిక్కంతా డి గ్రేడు దగ్గరే. ఇంజనీరింగ్ చదివే అమ్మాయికి కాల్‌క్యులస్‌లో డి వచ్చిందనుకుందాం. సి లేనిదే డిపార్ట్‌మెంటు పై కోర్సులోకి రానివ్వదు. ఫెడరల్ లెక్కలో మాత్రం ఎఫ్ తప్ప ఏ గ్రేడైనా పాసే. ఆమె రెండోసారి తీసుకుంటే సాయం వస్తుంది. అప్పుడు ఎఫ్ వచ్చినా ఆ అవకాశం వాడేసినట్టే, మూడోసారికి సాయం ఉండదు. పూర్తిగా తప్పినవాళ్ళకంటే కష్టపడి డి తెచ్చుకున్నవాళ్ళకే దారి ఇరుకు కావడం అన్యాయం. మెడిసిన్ సీటు కోసం బి వచ్చిన కెమిస్ట్రీని ఏ తెచ్చుకోవాలని మళ్ళీ తీసుకునే పిల్లలు తెలుగు ఇళ్ళలో తక్కువేమీ కాదు. వాళ్ళకూ ఇదే నియమం.

సాయం వర్తించని కోర్సు క్రెడిట్లను నమోదు లెక్కలోంచి తీసేస్తారు. ఫుల్‌టైమ్‌కు కావలసిన 12 క్రెడిట్లలో 3 అలా పోతే మిగిలేది 9, అంటే పెల్ గ్రాంటులో 75 శాతమే. 2024–25లో ఏడాదికి గరిష్ఠ గ్రాంటు 7,395 డాలర్లు. అంత వచ్చే విద్యార్థికి ఒక్క సెమిస్టరులోనే 900 డాలర్లకు పైగా తగ్గిపోతాయి. మరో 3 క్రెడిట్ల కొత్త కోర్సు, అదీ డిగ్రీకి పనికొచ్చేది, కలిపి 15 తీసుకుంటే ఫుల్‌టైమ్ నిలుస్తుంది. రిజిస్ట్రేషన్‌కు ముందే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో అడిగి తెలుసుకోవలసిన సంగతి ఇది.

ఫెయిలైన కోర్సుకు పరిమితి లేదు కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. విద్యార్థి చదువు ఎంత సాగుతోందో కాలేజీలు విడిగా కొలుస్తాయి, అది చాలకపోతే సాయం ఆగిపోతుంది. తీసుకున్న ప్రతిసారీ ఆ క్రెడిట్లు ప్రయత్నించినవాటిలో చేరతాయి. పూర్తయినవి వాటిలో 67 శాతం ఉండాలని చాలా కాలేజీల నియమం. 120 క్రెడిట్ల డిగ్రీకి ప్రయత్నించగల క్రెడిట్ల పరిమితి 180. కొత్త గ్రేడు వచ్చాక కాలేజీ పాతదాన్ని జీపీఏలోంచి తీసేసినా ఈ లెక్కలో ఆ క్రెడిట్లు ఉండిపోతాయి. అనారోగ్యం, ఇంట్లో మరణం లాంటి కారణాలుంటే కాగితాలతో అప్పీలు చేసుకోవడానికి చాలా కాలేజీలు వీలిస్తాయి.

ఇదంతా ప్రధానంగా అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు. ఎఫ్-1 వీసా మీద వెళ్ళిన విద్యార్థులకు ఫెడరల్ సాయమే లేదు. హెచ్-4 మీద అక్కడి బళ్ళలోనే చదువుకుని పెరిగిన పిల్లలకూ లేదు. వీళ్ళకు తప్పిన ప్రతి కోర్సూ ఇంటి డబ్బే.