నత్తి పలికిన యంత్రము

క్రొత్తది పాతదానికంటె మేలుగ పనిచేయునని యెల్లరును తలంతురు. కంప్యూటర్ల విషయమున నిది చాలవఱకు నిజమే. అయినను ఈ వేసవి సెలవులలో మా యింటికి వచ్చిన క్రొత్త కంప్యూటరు, పదేండ్ల నాటి పాత యంత్రము ఎన్నడును ఎఱుగని దోషము నొకదానిని వెంటబెట్టుకొని వచ్చెను. మాటలను రికార్డు చేయుచుండగా నది నడుమ నడుమ నత్తి పలుకును. "పాఠము" అని మేము స్పష్టముగ నుచ్చరించిన చోట ఒకప్పుడు "పా-పాఠము" అనియు, ఒకప్పుడు "పా" తరువాత చిటుక్కుమను చప్పుడును వినవచ్చును.

రికార్డు చేయవలసిన యవసర మేమని చదువరు లడుగవచ్చును. మా తొమ్మిదవ తరగతిలో పుట్టుకతోనే చూపు లేని బాలు డొకడు చదువుచున్నాడు. బ్రెయిలీ లిపిని వ్రేళ్ళతో వేగముగ చదువగలడు; కాని వాచకము లన్నియు నా లిపిలో నతనికి దొరకలేదు. కావున తెలుగు, సాంఘికశాస్త్ర పాఠములను మేమును మా గృహిణియు చదివి, రికార్డు చేసి యిచ్చుటకు పూనుకొంటిమి. అర్ధసంవత్సర పరీక్షల లోపుగ ఇరువదియైదు పాఠములు సిద్ధము కావలెను. అచ్చులో నొక యక్షరము చెదరినచో కన్నులు గలవాడు ప్రక్కవానిని చూచి పూరించుకొనును. చెవితో చదువువానికి ఆ వీలు తక్కువ. "గడ్డి"లోని ఒత్తు చెదరిన "గడి" యగును. పద్యమున నొక లఘువు మ్రింగబడినచో గణము తప్పును. పరీక్షలో లేఖకునికి ప్రతి మాటను చెప్పి వ్రాయించవలసినవాడు ఈ బాలుడే గదా!

యంత్రమును కూర్చి యిచ్చిన దుకాణమువారి నడిగితిమి. "మెషీను కొత్తదే సార్, 16 జీబీ ర్యామ్ ఉంది. చాలకపోతే 32 చేయించుకోండి" అనిరి. ఈ సలహా మాకు రుచింపలేదు. 4 జీబీ గల పాత యంత్రము తడబడలేదు. 16 గలది తడబడుచున్నది. బలము చాలకపోవుటయే కారణమైనచో వ్యవహారము తలక్రిందుగ నుండవలసినది.

ధ్వని కంప్యూటరులోనికి ఎట్లు పోవునో కొంచెము వివరింతుము. మైకునుండి వచ్చు విద్యుత్తరంగమును, నడుమ నుండు ఆడియో పెట్టె సెకనుకు 48,000 మార్లు కొలిచి అంకెలుగ మార్చును. 1982లో విపణికి వచ్చిన సీడీలలో నీ కొలతలు సెకనుకు 44,100. మనుష్యుని చెవి సెకనుకు ఇరువదివేల కంపనములకు మించి వినజాలదు. ఒక్కొక్క కంపనమును పట్టుటకు రెండు కొలతలకు మించి కావలెను. అందుచేత నీ సంఖ్య లేర్పడినవి. ఈ అంకెలను కంప్యూటరు ఒక్కొక్కటిగ తీసికొనదు. వానకాలమున మన పల్లెటిండ్లలో చూరునీళ్ళు పట్టు విధమును జ్ఞాపకము చేసికొనుడు. రెండు బిందెలు పెట్టుకొందుము. ఒకటి నిండుచుండగా రెండవదానిని గోలెములో కుమ్మరించి తెత్తుము. ఇచ్చట బిందె పేరు బఫరు. 128 అంకెలు పట్టు బఫరు మిల్లీసెకనులు మూడైనను గడువకముందే నిండిపోవును. 1024 పట్టునది నిండుటకు 21 మిల్లీసెకనులు పట్టును. మోయువాడు ఎంతటి బలశాలియైనను నిండిన బిందె దగ్గరకు వేళకు రానియెడల నీరు పొరలిపోవును. పొరలినది మరల రాదు. ఫైలును యూఎస్‌బీ తీగ గుండ పంపునప్పుడు ఏదేని ముక్క చెడినచో దానిని మరల పంపుట కలదు. ధ్వనికి అట్లు లేదు. దాని సమయము దాటిపోయినది గాన యంత్రము దానిని విడిచి ముందుకు పోవును. ఆ విడిచిన చోటనే మనకు నత్తి వినబడును.

కావున మేము వెదకవలసినది బలహీనుని గాదు, వేళ తప్పించువానిని.

సులభమైన పరీక్షలను మొదట ముగించితిమి. ఆడియో పెట్టెను హబ్బునుండి తీసి నేరుగ కంప్యూటరునకు తగిలించితిమి. కంప్యూటరులోను ఆడియో పెట్టెలోను 48,000 అను సంఖ్యయే యుండునట్లు చూచితిమి. ఒకచోట 44,100 ఉండినను చిక్కులు రాగలవు. విద్యుత్తును పొదుపు చేయుటకై ప్రాసెసరును, యూఎస్‌బీ ద్వారములను నిద్రపుచ్చు ఏర్పాట్లను మాన్పించితిమి. నత్తి కొంత తగ్గెనే గాని పోలేదు.

పిమ్మట బఫరును పెంచితిమి. 1024 వఱకు పెంచినను అప్పుడప్పుడు చిటుకు వినబడెను. 2048 చేయగా ఇంచుమించుగ మాయమయ్యెను గాని, క్రొత్త బాధ వచ్చిపడెను. మా ఆడియో పెట్టెకు మైకు ధ్వనిని సూటిగ చెవికి పంపు మీట లేదు. మా స్వరము కంప్యూటరులోనికి పోయి తిరిగి మా చెవికి వచ్చుటకు రానుపోను 85 మిల్లీసెకనులు పట్టుచుండెను. తన మాట తనకే ఆలస్యముగ వినబడుచుండగా చదువుట యెంత కష్టమో చదివి చూచినవారికే తెలియును. ఆలస్యము సెకనులో అయిదవ వంతు వఱకు పెరిగినచో ధారాళముగ మాటలాడువారును తడబడుదురని శాస్త్రజ్ఞులు కనుగొనియున్నారు. యంత్రము నత్తిని మాన్పి మాకు తెప్పించుకొనుట లాభసాటి బేరము గాదు. హెడ్‌ఫోను తీసివేసి చదువరాదా యందురేమో! మా వీధిలో ఆటోల రొద లోనికి వచ్చుచున్నదో లేదో వినక తెలియదు.

ఈ దశలో, చెడిన రికార్డులలో నొకదానిని ఆ బాలునికి వినిపించితిమి. ఏ మాటలు అర్థము కాలేదో తెలిసికొనుటయే మా యుద్దేశము. అతడు తల వంచి కొంతసేపు విని, వ్రేళ్ళు మడచుచు, "మాస్టారండీ, ఇది ఎప్పుడు పడితే అప్పుడు రావడం లేదండి. చిన్నవి ఎలా వచ్చినా, పెద్దది మాత్రం లెక్కపెట్టుకుని వస్తోంది" అనెను. మేము గడియారము పట్టుకొని కూర్చుంటిమి. మాటల నడుమ లెక్క సరిగ తెలియలేదు. కావున మా సంగీతపు పంతులమ్మగారి ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెను అడిగి తెచ్చి, పది నిమిషములు ఎడతెగక మ్రోగించి రికార్డు చేసితిమి. ఎడతెగని శ్రుతిలో వెండ్రుకవాసి తెంపైనను దాగదు. బాలుడు చెప్పినట్లే ఇంచుమించు నిమిషమున కొకటి చొప్పున పెద్ద తెంపు లుండెను.

నిమిషమున కొకమారు కంప్యూటరు చేయు పని యేమి? లేటెన్సీమాన్ అను పరిశీలక ప్రోగ్రామును తెచ్చి నడిపితిమి. ఏ డ్రైవరు ప్రాసెసరును ఎంతసేపు పట్టుకొని కూర్చుండునో అది మైక్రోసెకనులలో చూపును. డ్రైవరనగా కంప్యూటరులోని ఒక్కొక్క పరికరమును నడుపు చిన్న ప్రోగ్రాము. దీనికి సామాన్య ప్రోగ్రాములకు లేని యధికారము కలదు. అది తన యత్యవసరపు పనిని ముగించి తప్పుకొనువఱకు ప్రాసెసరులోని ఆ భాగమున రికార్డు చేయు ప్రోగ్రాముకూడ నిలుచుండి వేచియుండవలసినదే. మేము తెరను చూచుచుండగా అంకెలు చాలసేపు వందలలో నుండి, హఠాత్తుగ ఇరువదివేలు దాటెను. దాని కెదురుగ వైఫై డ్రైవరు పేరుండెను. ఇరువదివేల మైక్రోసెకనులనగా ఇరువది మిల్లీసెకనులు. 1024 బఫరు నిండుటకు పట్టు కాలమునకు సరిసమానము. చుట్టుప్రక్కల నే యే వైఫైలున్నవో యని నిమిషమున కొకమారు వెదకివచ్చుట దాని యలవాటు. అందఱి బిందెలును పొరలుచుండగా నీ పెద్దమనిషి వీధిలోనికి తొంగిచూచి వచ్చుచున్నాడన్నమాట!

పాత యంత్రము తడబడకపోవుటకు కారణమును దీనితోనే తేలిపోయెను. దానికి వైఫై లేనేలేదు. గోడవెంబడి పోయిన తీగతోనే ఇంటర్నెట్ వచ్చెడిది.

డివైస్ మేనేజరులో వైఫైని నిలిపివేసి, శ్రుతిపెట్టెను మరల అరగంట మ్రోగించితిమి. ఒక్క తెంపును లేదు. బఫరును 256కు దించినను లేదు. అనగా ఒక్కొక్క బిందె నిండుటకు అయిదు మిల్లీసెకనులకు కొంచెము ఎక్కువ. మా స్వరము మా చెవికి ఆలస్యమైనట్లే తోచలేదు. తరువాత ఆ డ్రైవరు క్రొత్త ప్రతిని తెచ్చి వేయగా వైఫై ఉన్నప్పుడును తెంపులు చాలవఱకు తగ్గినవి. అయినను చదువునంతసేపు దానిని ఆపియే యుంచుదుము. ర్యామ్ కొఱకు కేటాయింపబోయిన సొమ్ముతో మంచి హెడ్‌ఫోను నొకదానిని ఆ బాలునికి కొంటిమి.

చెడిన ఆఱు పాఠములను మొదటినుండి మరల చదువవలసి వచ్చెను. మా గృహిణి పద్యభాగమును, మేము గద్యమును పంచుకొంటిమి. ఇప్పటికి పదునెనిమిది ముగిసినవి. ప్రతి పాఠమును ముందుగ ఆ బాలుడే విని సరిచూచును. పద్యములు ఇంకను మెల్లగా చదువుమని మా గృహిణికి వర్తమానము పంపినాడు. పదియవ పాఠమున మా పెరటి కాకి యొకటి గట్టిగా కూసినది. దానిని తీసివేయుదుమా యని యడుగగా, ఆ పాఠమును గుర్తుపట్టుటకు బాగుగనున్నది, ఉండనిమ్మనెను. ఉంచితిమి.