సహపంక్తి

పిల్లలకు నీతి ఎవరు నేర్పాలన్న మాట వస్తే బడి ఇంటివైపు చూపిస్తుంది, ఇల్లు బడివైపు చూపిస్తుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావుగారిని విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా నియమించినప్పుడు నాకు మళ్ళీ ఈ ప్రశ్నే ఎదురైంది.

పుదుచ్చేరిలో కూర్చుని దీని గురించి ఆలోచిస్తే శ్రీ అరవిందులు గుర్తుకు రాక మానరు. ఆయన ఈ ఊరు చేరిన 1910లోనే ‘కర్మయోగిన్’ పత్రికలో జాతీయ విద్య మీద ఆయన వ్యాసాలు వచ్చాయి. నీతిని పుస్తకం పెట్టి చెబితే మంచి ఆలోచన కూడా యాంత్రికమైపోతుందని, పిల్లల ముందు బతికి చూపించడమే బోధ అని ఆయన అభిప్రాయం. అలాగని అంతా ఇంటికే వదిలేద్దామా? ఆయన ఏడో ఏట, 1879లో, తల్లిదండ్రులు ఇంగ్లండులో విడిచి వచ్చిన పిల్లవాడు. మళ్ళీ స్వదేశం చూసింది 1893లో. ఇల్లే సర్వస్వం అంటే ఆయన జీవితమే ఒప్పుకోదు.

ఈ ఊరిని ఏలిన ఫ్రాన్సు ఇంకో దారి పట్టింది. 1882లో అక్కడి విద్యామంత్రి జూల్ ఫెర్రీ చట్టం తెచ్చి, సర్కారు బడిలో మతబోధ తీసేసి నీతి, పౌరధర్మం పెట్టాడు. మరుసటేడు ఉపాధ్యాయులకు లేఖ రాశాడు: మీరు చెప్పబోయే మాట విని నిజాయితీపరుడైన ఏ తండ్రయినా నొచ్చుకునేట్టుంటే ఆ మాట చెప్పకండి, లేకుంటే ధైర్యంగా చెప్పండి అని దాని సారాంశం. ఎంతో మర్యాద ఉన్న సలహా. మన దేశంలో మాత్రం అది ఒకచోట నిలవదు. 2018లో తమిళనాడు తిరుప్పూరు జిల్లాలో దళిత మహిళ బడిలో వండకూడదని కొందరు తల్లిదండ్రులు అడ్డం తిరిగారు. ఆ తండ్రులు నొచ్చుకుంటారని బడి నోరు మూసుకోవాలా? కూడదు. పిల్లవాడు ఇంటినుంచి తెచ్చుకున్న ఆ పాఠాన్ని చెరిపేయగలిగేది బడి ఒక్కటే.

ఇంట్లో అందరూ మనవాళ్ళే. అక్కడ ప్రేమ నేర్చుకుంటాం, పెద్దల్ని చూసుకోవడం, ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం నేర్చుకుంటాం. పరాయివాడితో న్యాయంగా మెలగడం నేర్చుకోవాలంటే ముందు పరాయివాడు ఎదురవ్వాలి కదా! వాడు ఎదురయ్యేది బడిలోనే. అందుకే పుదుచ్చేరిలో నీతిబోధ అనగానే నా మనసుకు తట్టేది మధ్యాహ్న భోజనం. 1930లో ఫ్రెంచి పాలకులే ఇక్కడ మొదలుపెట్టిన ఏర్పాటు అది. సర్కారు బడి వరండాలో ఎదురెదురుగా రెండు వరసలు. జాలరి కొడుకు, ఆఫీసు గుమాస్తా కూతురు, రిక్షా తొక్కేవాడి మనవడు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంటారు. సాంబారన్నం గరిటె ఎవరి పళ్ళెం దగ్గరా పొదుపు పాటించదు. ఆకలి మీదున్న పిల్లవాడు పక్కవాడికి వడ్డించేదాకా చెయ్యి పెట్టకుండా ఆగుతాడు. దీనికి ఏ పరీక్షా లేదు, ఏ మార్కులూ లేవు. వంద శతక పద్యాలు అప్పజెప్పినా ఆ ఆగడం రాదు. పద్యాలు వద్దనడం లేదు, అవి నాలుకకు మంచివి, పెద్దయ్యాక పనికొస్తాయి. ఈ వయసులో చేతికి వచ్చిన అలవాటే నీతి.

అయితే వడ్డించేవాళ్ళు ఒక్కరిని చిన్నచూపు చూసినా, ఒక్క పళ్ళెం వేరే మూలకు జరిగినా పిల్లలు ఆ పాఠమే నేర్చుకుంటారు. కనుక నైతిక విలువల పీరియడ్ కావాలా వద్దా అన్న చర్చ కంటే ఆ వరస చెదరకుండా చూసుకోవడం నాకు ముఖ్యం. ఉపాధ్యాయులు రోజూ ఆ పిల్లల మధ్యే కూర్చుని తినాలి. తల్లిదండ్రులారా, సాయంత్రం పిల్లలు ఇంటికి రాగానే ఎన్ని మార్కులొచ్చాయని అడిగే ముందు, ఈ రోజు ఎవరి పక్కన కూర్చుని తిన్నావని అడగండి. చెప్పిన పేరు విని ముఖం చిట్లించకండి.