పొయ్యి దిగిన నూనె

ఇంధనమనగానే మనకందఱకు పెట్రోలు బంకు జ్ఞప్తికి వచ్చును. మన దేశము వాడు ముడిచమురులో నూటికి 85 పాళ్ళకు పైగా పరదేశములనుండి వచ్చుచున్నదని పాఠములలో చదువుచున్నాము. చెరకునుండియు, గింజలనుండియు, చెట్టుకాయలనుండియు తీయు ఇంధనమును జీవ ఇంధనమందురు. ఇది క్రొత్తమాటయే కాని క్రొత్త వస్తువు కాదు. మన జార్జి టౌను అంచుననే దీని పాత చరిత్ర కొంత నిలిచియున్నది. పదవ తరగతి విద్యార్థులమగు మేము కొన్ని ఆదివారములు ఈ పేట వీథులు తిరిగి, పెద్దలను ప్రశ్నించి, పుస్తకములు చూచి తెలిసికొన్న సంగతులను చదువరుల ముందుంచుచున్నాము.

పూర్వము రాత్రివేళ మన పట్టణమునకు వచ్చు నావికులకు తొలుత కనబడినది నూనెదీపమే. 1796లో సెయింటు జార్జి కోటలో, నేడు మ్యూజియముగా నున్న భవనముమీద కొబ్బరినూనె దీపములు వెలిగించి ఓడలకు దారి చూపిరి. 1844లో ఆ దీపము నేటి హైకోర్టు ఆవరణలోని ఎత్తయిన రాతిస్తంభమునకు మారినది. ఆ స్తంభము నేటికిని ఉన్నది. దాని ప్రక్కనుండి ప్రతిదినము వేలమంది నడచిపోవుచున్నారు. 1894లో దీపము హైకోర్టు గోపురముపైకెక్కి, 1977లో మెరీనా తీరమునకు తరలిపోయినది. ఈ ప్రయాణములో కొబ్బరికాయ ఎచ్చటనో దిగిపోయినది.

1900లో ప్యారిసు నగర ప్రదర్శనములో ఒక చిన్న డీజిలు ఇంజను వేరుసెనగనూనెతో నడచినదని ఆ యంత్రమును కనిపెట్టిన రుడాల్ఫు డీజిలే తరువాత చెప్పియున్నాడు. ఈ సంగతి మాలో ఒకడు ఇంట చెప్పగా వాని అవ్వ, "ఇంజనుకు పోస్తే తాళింపుకు ఏం పోసేదిరా?" అని అడిగినది. దేశమంతట పండితులు వాదించుకొనుచున్న తగవు ఆ ఒక్క ప్రశ్నలోనే ఉన్నది.

బస్సులవారు "ప్యారిస్, ప్యారిస్" అని కేకలువేయు మన మూలకు ఆ ఫ్రెంచి నగరముతో సంబంధము లేదు. 1788లో చెన్నపట్టణము చేరిన థామసు ప్యారీ అను వర్తకుని పేరది. ఆయన పేర వెలసిన సంస్థకు కడలూరు చేరువ నెల్లికుప్పములో 1842 నాటి చక్కెర కర్మాగారము కలదు. చెరకురసమునుండి చక్కెర తీసిన పిమ్మట నల్లని చిక్కని మడ్డి మిగులును. దానిని పులియబెట్టి, బట్టీపట్టి తీయునదే ఇథనాలు. నేడది పెట్రోలులో కలియుచున్నది. మన విజయనగరము జిల్లా సంకిలిలోని అదే సంస్థవారి కర్మాగారమునందును ఇథనాలు తయారగుచున్నది.

2003లో కొన్ని రాష్ట్రములలో నూటికి 5 పాళ్ళ ఇథనాలును పెట్రోలులో కలుపవలెనని ప్రభుత్వము ఆరంభించినది. పది సంవత్సరములు గడచినను పని ముందుకు సాగలేదు. 2014 నాటికి కలిసినది నూటికి సుమారు ఒకటిన్నర పాలు మాత్రమే. 2018లో జాతీయ జీవ ఇంధన విధానము వచ్చినది. దానిలో 2030 నాటికి 20 పాళ్ళు కలుపవలెనని వ్రాసికొనిరి. 2022లో ఆ గడువును 2025-26కు ముందుకు జరిపిరి. ఆ యేడే 10 పాళ్ళయినది. 2025లో 20 పాళ్ళును నిండినవి. ఇంత త్వరగా సాగిన ప్రభుత్వ కార్యములు అరుదు.

అయితే అంత ఇథనాలునకు చెరకు చాలదు. వానలు తగ్గి చెరకు పంట పలుచబడగా 2023 డిసెంబరులో చెరకురసమును ఇథనాలునకు వాడుటపై కట్టడి పెట్టవలసివచ్చినది. మొక్కజొన్నయు, బియ్యమును బట్టీలకెక్కినవి. 2024-25 సంవత్సరమునకు ఆహార సంస్థ గిడ్డంగులనుండి 52 లక్షల టన్నుల బియ్యమును ఇందులకు కేటాయించిరి. ఒక టన్ను బియ్యమునుండి సుమారు 450 లీటర్ల ఇథనాలు వచ్చును. అనగా 25 కిలోల మూటనుండి 11 లీటర్లు: ఒక మోటారుసైకిలు తొట్టి నిండును. ఆ మూటయే మాలో ఒకరి యింట ఐదుగురికి అర్ధమాసము వచ్చుచున్నది. లీటరునకు లీటరు ఇథనాలులో పెట్రోలుకంటె శక్తి మూడవవంతు తక్కువ కూడ. రైతుకు గిరాకి కలుగుచున్నదనియు, విదేశములకు పోవు ధనము మిగులుచున్నదనియు చెప్పు మాటలు అబద్ధములు కావు. అయినను రేషను దుకాణము వరుసలో నిలువబడు ఇండ్లనుండి వచ్చిన మాకు, బియ్యపు మూటను తొట్టిలో పోయుట మనసునకు పట్టలేదు.

తెలుగునాట ఈ సంగతి మఱియొక రీతిగా నడచినది. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ వద్ద ఇథనాలు కర్మాగారము వలదని గ్రామస్థులు రహదారిపై కూర్చుండిరి. తమ నీరును గాలియు చెడునని వారి భయము. పనులు నిలుపవలసివచ్చినది. అదే పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో పవర్‌గూడ అను గిరిజన పల్లె కలదు. అచ్చటి స్త్రీలు సంఘములుగా ఏర్పడి, కానుగ మొక్కలు నాటి, గింజలేరి, చిన్న మిల్లులో నూనె తీసిరి. ఆ నూనె డీజిలునకు మారుగా పనికివచ్చును. చెక్క చేనికి ఎరువగును. ఇట్లు తగ్గిన పొగకు లెక్కకట్టి, 147 టన్నులకుగాను 2003లో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించినది. సొమ్ము పెద్దది కాదు. కాని కానుగను ఎవరును తినరు, దాని నీడకు ఎవరును అడ్డుచెప్పరు. ఆ కాలముననే అడవి ఆముదమును బీడుభూములలో లక్షల ఎకరముల మేర వేయవలెనని పెద్ద ప్రణాళికలు వ్రాసిరి. నీరు లేనిచోట ఆ చెట్టు బ్రదికినదే కాని కాయలు చాలినంత ఇయ్యలేదు.

ఇక మా పేటకు వత్తము. తినెడు నూనెలోనే సగమునకు పైగా దిగుమతి చేసికొను దేశము మనది. క్రొత్త నూనెను బండికి పోయుట కలలోని మాట. కాని ఒకమారు కాచిన నూనె యున్నది. దానిలో మిథనాలును కొంచెము క్షారమును కలిపి వేడిచేసిన యెడల గ్లిసరిను అడుగున దిగి, పైన బయోడీజిలు తేలును. మరలమరల కాచిన నూనె దేహమునకు చెఱుపు. చెడిన పదార్థము నూటికి 25 పాళ్ళు మించిన నూనెను వాడరాదని 2018 జులైనుండి నిబంధన కలదు. ఆ ఆగస్టులోనే అట్టి నూనెను సేకరించి బయోడీజిలు చేయు పథకమును ఆహార భద్రతా సంస్థవారు ఆరంభించిరి. దినమునకు 50 లీటర్లకు మించి నూనె వాడు వారు లెక్క వ్రాసి, వాడిన నూనెను అనుమతి పొందిన సేకరణదారులకు ఇయ్యవలెను.

మింటు వీథినుండి కొత్వాలు చావడి వఱకు సాయంకాలము నడచిచూడుడు. ఎన్ని మూకుళ్ళు! వీనిలో దినమునకు 50 లీటర్లు వాడునవి ఎన్ని? నెల్లూరి ప్రాంతమునుండి వచ్చి బజ్జీలు వేయు ఒక పెద్దమ్మను మేము అడిగితిమి.

"రాత్రి మిగిలిన నూనె ఏం చేస్తారు పెద్దమ్మా?"

"ఏం చేసేదేంది నాయనా, తెల్లారి దాంట్లోనే కొత్త నూనె పోస్తా. పారబోసేదానికి నాకాడ గానుగేమన్నా ఉండాదా?"

వాడిన నూనెను కొనువారు కలరని మేము చెప్పితిమి. ఆమె మూకుడు దింపకయే, "ఎంతిస్తారంట?" అనెను.

పథకమంతటికి అదియే అసలు ప్రశ్న. క్రొత్త నూనె వెలలో ఎన్నవ వంతు చేతికి వచ్చిన యెడల ఆమె మిగిలిన అరలీటరును వదలుకొనగలదు? పెద్ద హోటళ్ళవద్దకు పీపాలతో బండి వచ్చును. అరలీటరునకు బండి రాదు. మఱి కొందఱు చిల్లర వర్తకులు, పెద్దచోట్ల వాడిన నూనెనే చవుకగా తెచ్చుకొని మరల కాచుచున్నామని మాతో దాపరికము లేక చెప్పిరి. ఆ బజ్జీలను తినువారము మనమే.

ప్రధానోపాధ్యాయులవారి యనుమతితో దీపావళి పిండివంటల పిమ్మట బడి వరండాలో ఒక పెద్ద డబ్బా ఉంచితిమి. ఇండ్లనుండి సీసాలతో వాడిన నూనె తెచ్చి వడగట్టి పోయుచున్నాము. ఇప్పటికి 11 లీటర్లు చేరినది. సేకరించువారినొకరిని విచారింపగా, పీపా నిండినగాని బండి పంపుట గిట్టదనిరి. పెద్దమ్మ రెండు వారములు ఒక్కొక్క సీసా పంపినది. మూడవ వారము పంపలేదు. నూనె ధర పెరిగినదట.